పాఠకుల ప్రశ్నలు: సియోల్ వాగు, మన నాలాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. దక్షిణ కొరియా రాజధాని సియోల్ నగరం మధ్యలో ఉన్న చంగ్గేచన్ వాగు. 2024 అక్టోబర్‌లో తెలంగాణ మంత్రులు, అధికారులు, జర్నలిస్టులు సియోల్ వెళ్లి ఆ వాగునూ హాన్ నదినీ చూసి వచ్చిన దగ్గర్నుంచి హైదరాబాద్‌లో మూసీని బాగుచేసే మాట ఎత్తితే చాలు ఆ పేరు కూడా వినిపిస్తోంది. అందుకని ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: రోడ్డు పగలగొట్టి కింద నుంచి నదిని బయటికి తీశారని వీడియోల్లో చూపిస్తున్నారు. రెండేళ్లలో అయిపోయిందట. అక్కడ అంత తొందరగా అయిన పని మన మూసీకి ఎందుకు కాదు?
– ఒక పాఠకురాలు, అత్తాపూర్

తొందరగా అయిన మాట నిజమే. 2003 జూలై 1న పని మొదలుపెట్టి 2005 అక్టోబర్ 1న జనానికి తెరిచారు. అయితే అది నది కాదండీ, వాగు. పాత సియోల్ మధ్యలో పడమర నుంచి తూర్పుకి పారి, ఇంకో వాగులో కలిసి, చివరికి హాన్ నదిలోకి పోతుంది. బయటికి తీసిన భాగం 5.8 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో బాగుచేయాలంటున్న మూసీ 55 కిలోమీటర్లు. మూసీని పోల్చాలంటే హాన్ నదితో పోల్చాలి. చంగ్గేచన్‌ని కూకట్‌పల్లి నాలాతోనో బల్కాపూర్ నాలాతోనో పోలిస్తే సరిపోతుంది. ఈ తేడా చెప్పకుండా వీడియో చూపించేవాళ్లు మనకు సగమే చూపిస్తున్నట్టు.

ఆ వాగు కథ చాలా పాతది. రాజుల కాలం నుంచి ఊరి మురికంతా మోసింది, వానాకాలంలో పొంగేది, అందుకని పూడిక తీస్తూ ఉండేవాళ్లు. 1760లో యోంగ్జో అనే రాజు చేయించిన పూడికతీతకు రెండు లక్షల మంది పని చేశారని రికార్డుల్లో ఉంది. కొరియా యుద్ధం తర్వాత కాందిశీకులు ఒడ్డు వెంబడి కర్రల మీద గుడిసెలు వేసుకున్నారు. వాగు కంపు కొట్టే మురిక్కాలవ అయిపోయింది. 1958 నుంచి దాని మీద స్లాబ్ వేసి మూసేయడం మొదలుపెట్టారు, 1967లో ఆ స్లాబ్ పైన ఒక ఫ్లైఓవర్ కూడా కట్టడం మొదలుపెట్టారు. అప్పట్లో అదే అభివృద్ధి అని గొప్పగా చెప్పుకున్నారు.

1990లకి వచ్చేసరికి ఆ కాంక్రీటు లోపల ఇనుము తుప్పు పట్టి, 1997 నుంచి లారీలను పైకి రానివ్వడం ఆపేశారు. అంటే నగరం ముందు రెండే దారులు మిగిలాయి. బోలెడు డబ్బు పోసి రిపేరు చేయడం, లేదా కూల్చేయడం. 2002 మేయర్ ఎన్నికల్లో లీ మ్యుంగ్-బాక్ కూల్చేసి వాగును తిరిగి తెస్తానని మాట ఇచ్చి గెలిచారు (తర్వాత ఆయన దేశాధ్యక్షుడు కూడా అయ్యారు). ఖర్చు సుమారు 38,600 కోట్ల వోన్లు. ఎలాగూ తీయాల్సిన ఫ్లైఓవర్, ఇళ్లు లేని రోడ్డు, నగరపాలన చేతిలోనే ఉన్న స్థలం, వీటన్నిటి వల్ల పని అంత వేగంగా అయింది. మూసీకి ఇందులో ఏ ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి. ఇప్పుడు చంగ్గేచన్‌లో పారుతున్న నీళ్లలో ఎక్కువ భాగం ఆ వాగువి కావు. హాన్ నది నుంచి మోటార్లతో తోడి, శుద్ధి చేసి, మెట్రో స్టేషన్లలో ఊరే నీటిని కూడా కలిపి, రోజూ లక్ష టన్నుల పైన పై నుంచి వదులుతారు. లోతు సగటున 40 సెంటీమీటర్లు. అక్కడి పర్యావరణవేత్తలు మొదటి నుంచీ దీన్ని తప్పుపడుతూనే ఉన్నారు. పైన పుట్టే చిన్న పాయలను బాగుచేయకుండా కరెంటుతో నడిచే ఫౌంటెన్ కట్టారని వాళ్ల కోపం. మనవాళ్లు కూడా మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు జంట జలాశయాలకు (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) తెచ్చి మూసీలోకి వదలాలంటున్నారు. నీళ్లు తేవడం తప్పని నేననను. కానీ మురుగు కలవడం ఆగకుండా మంచినీళ్లు వదిలితే కిందికి పోయేది పల్చబడిన మురుగే. నల్లగొండ జిల్లా రైతులకు అందేదీ అదే.

ప్రశ్న: మాది చాదర్‌ఘాట్ వైపు. మా గల్లీలో ఇళ్ల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసి వెళ్లారు. ఇల్లు మా అత్తగారి కాలం నాటిది. మా ఆయన ఇక్కడే మెకానిక్ షెడ్డు నడుపుతారు. సియోల్‌లో వాగు ఒడ్డు వాళ్లను ఏం చేశారు? ఎవరూ చెప్పరేం?
– పేరు వద్దన్న పాఠకురాలు

ఈ నెల వచ్చిన వాటిలో నేను అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించిన ఉత్తరం మీదేనమ్మా. నిజమే, ఎవరూ చెప్పరు. సియోల్‌లో జనాన్ని కదిపింది ఒక్కసారి కాదు.

మొదటిది 1960ల చివర్లో. ఒడ్డున గుడిసెల్లో ఉన్నవాళ్లను, నగరంలో ఇంకా చాలాచోట్ల అలాగే ఉన్నవాళ్లతో కలిపి, ఊరికి ఆగ్నేయంగా క్వాంగ్జు అనే చోట కొత్తగా వేసిన లేఅవుట్‌కి తరలించారు. స్థలం ఇస్తాం, ఫ్యాక్టరీలు వస్తాయి, పని దొరుకుతుందన్నారు. వెళ్లాక చూస్తే నీళ్లు లేవు, పని లేదు, సియోల్‌కి పోదామంటే సరైన బస్సు లేదు. ఆ పైన స్థలానికి డబ్బు కట్టండని, పన్ను కట్టండని నోటీసులు ఇచ్చారు. 1971 ఆగస్టు 10న వేలమంది రోడ్డెక్కారు, ఆఫీసులు, వాహనాలు తగలబడ్డాయి. అప్పుడు గానీ ప్రభుత్వం దిగిరాలేదు. ఆ చోటే ఇవాళ్టి సంగ్నాం నగరం. మీరు అడిగిన ప్రశ్నకు అసలైన జవాబు ఈ కథలోనే ఉంది, వీడియోల్లో మాత్రం కనపడదు.

రెండోది 2003లో. అప్పటికి ఒడ్డున ఎక్కువగా ఉన్నవి దుకాణాలే. పనిముట్లు, మోటార్లు, ఎలక్ట్రిక్ సామాన్లు, చెప్పులు, బట్టలు అమ్మే వేల షాపులు. మన రాణిగంజ్, కోఠి లాంటి సందడి అనుకోండి. షాపులవాళ్లతో నగరం వాళ్లు నాలుగు వేలకు పైగా మీటింగులు పెట్టారు. ఇది నేర్చుకోవాల్సిన విషయమే, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. నష్టపరిహారం నగదుగా ఇవ్వలేదు గానీ, పని జరిగినన్ని రోజులూ వాగుకు రెండువైపులా రెండేసి లేన్లు తెరిచి ఉంచారు, సరుకు దించుకోవడానికి చోటు చూపించారు, అప్పులు ఇప్పించారు. వెళ్లిపోతామన్నవాళ్లకు నగరం ఇంకో మూల గార్డెన్ ఫైవ్ అని పెద్ద వాణిజ్య సముదాయం కట్టించారు. అది 2010లో గానీ తెరుచుకోలేదు. తీరా చూస్తే షాపు ధర మొదట అనుకున్న దానికంటే బాగా ఎక్కువ, చాలామంది కొనలేకపోయారు, కొన్నవాళ్లకు గిరాకీ లేదు. ఏళ్ల తరబడి అంతస్తులకు అంతస్తులు ఖాళీగా పడున్నాయి.

ఫుట్‌పాత్ మీద అమ్ముకునేవాళ్ల గతి ఇంకా అన్యాయం. 2003 నవంబర్ నెలాఖరున వాళ్ల బండ్లు బలవంతంగా తీసేశారు. దాదాపు తొమ్మిది వందల మందికి పక్కనే ఉన్న తోంగ్దేమున్ స్టేడియంలో చోటిచ్చారు, ఇక్కడే పెద్ద సంత చేస్తామన్నారు. నాలుగైదేళ్లు తిరక్కుండానే ఆ స్టేడియాన్నీ కూల్చేశారు. అక్కడ ఇప్పుడు జనం ఫొటోలు దిగే వెండి రంగు డిజైన్ ప్లాజా ఉంది. సంతవాళ్లు ఇంకో చోటికి మళ్లీ కదలాల్సి వచ్చింది.

ఇక మీ సంగతి. గోడ మీద గుర్తు నోటీసు కాదు. ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం, నదీగర్భమా బఫరా (నది అంచు పక్కన కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా) అన్నది కాగితం మీద రాసి ఇమ్మని మీరు కూడా కాగితం మీదే అడగండి, రసీదు తీసుకోండి. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, అత్తగారి పేరున ఉన్న కాగితాలు ఒకచోట పెట్టి ఫొటోలు తీసి దాచుకోండి. పట్టా భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టంలో ఇంటి యజమానే కాదు, మూడేళ్లుగా అక్కడే పని చేసుకుని బతుకుతున్న కుటుంబాన్ని కూడా నష్టపోయిన కుటుంబంగానే చూడాలని ఉంది. కాబట్టి షెడ్డు సంగతి తప్పకుండా రాయించండి. సర్వేకి వచ్చేవాళ్లు ఇల్లు ఒక్కటే రాసుకుపోతారు, ఎక్కువ కుటుంబాలు దెబ్బతినేది అక్కడే. డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇస్తామంటే సరే అనే ముందు అది ఎక్కడుంది, అక్కడ్నుంచి పాత గిరాకీ వస్తుందా, పిల్లల స్కూలు మధ్యలో మారాలా అని అడిగే హక్కు మీకుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. రేపే వెళ్లండి.

ప్రశ్న: నేను విజయవాడలో సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు మా ఇల్లు సింగ్ నగర్‌లో రోజుల తరబడి నీళ్లలో ఉంది. చంగ్గేచన్ లాంటి డిజైన్ బుడమేరుకి పనికొస్తుందా?
– ఒక విద్యార్థి, విజయవాడ

పైన కనిపించేది వదిలేసి కింద ఉన్నది నేర్చుకుంటే బాగా పనికొస్తుంది. చంగ్గేచన్‌కి రెండువైపులా ఉన్న రోడ్ల కింద పెద్ద బాక్స్ డ్రెయిన్లు, అంటే పెట్టెల్లా మూసి కట్టిన కాలువలు, ఉన్నాయి. ఊరి మురుగు, మొదటి వాన నీళ్లు వాటిలోకి పోయి శుద్ధి కేంద్రానికి చేరతాయి. వాగు గోడల్లో వరసగా గేట్లు కనిపిస్తాయి. గట్టి వాన పడి బాక్సులు నిండితే అవి తెరుచుకుని ఆ నీళ్లు వాగులో పడతాయి. అప్పుడు వాగులో ఉన్న జనాన్ని సైరన్లు మోగించి పైకి పంపేస్తారు. నడిచే బాట మునుగుతుంది, మునగాలనే అలా కట్టారు. మొత్తం కాలువను రెండు వందల ఏళ్లకోసారి వచ్చేంత వరదకు సరిపోయేలా డిజైన్ చేశారు. కాబట్టి పార్కులా కనిపించినా ముందు అది వరద కాలువే. లోపం లేకపోలేదు. గేట్లు తెరిచినప్పుడు మురుగు కూడా కలిసి వస్తుంది, అలాంటి వానల తర్వాత చేపలు చచ్చిపోయిన సందర్భాలున్నాయి. మురుగుకీ వాన నీటికీ వేర్వేరు పైపులు లేని పాత నగరం కావడమే అందుకు కారణం.

బుడమేరు వేరే రకం. దాని వరద ఊళ్లో పుట్టదు, పైన కొండల నుంచి వస్తుంది. వెలగలేరు దగ్గర డైవర్షన్ చానల్‌లోకి (వరదను మళ్లించే కాలువలోకి) తిప్పాలి, మిగిలింది కొల్లేరు చేరాలి. 2024లో ఆ చానల్‌కి గండ్లు పడ్డాయి, మీ వీధుల్లోకి వచ్చింది ఆ నీళ్లే. అక్కడ గట్లు, చానల్ వెడల్పు, ఊళ్లో పాత బుడమేరు దారిలో కట్టిన కట్టడాలు, ఈ మూడూ తేలకుండా వాకింగ్ ట్రాక్ డ్రాయింగు ఎవరైనా చూపిస్తే దాని మీద సంతకం పెట్టే ఇంజనీరు కావద్దు మీరు. ఇంకో ప్రాజెక్టు కూడా చదవండి, సింగపూర్‌లో కల్లాంగ్ నది. బిషాన్ పార్కు పక్కన 2.7 కిలోమీటర్ల తిన్నటి కాంక్రీటు కాలువను తీసేసి, పార్కులోకే మళ్లించి 3.2 కిలోమీటర్ల వంకరల వాగుగా మార్చారు, 2012లో పూర్తయింది. గట్లను మొక్కల వేర్లతో, రాళ్లతో నిలబెట్టారు. వరద వచ్చినప్పుడు పార్కు మైదానమే కాలువ అవుతుంది. ఇది సాధ్యమైందంటే పక్కన 62 హెక్టార్ల పార్కు ముందే ఉండబట్టి. బుడమేరుకైనా ముందు కావాల్సింది నీళ్లు పరుచుకోవడానికి ఆ చోటు.

ప్రశ్న: రోజూ అంత ట్రాఫిక్ పోయే ఫ్లైఓవర్ తీసేస్తే ఊరు ఆగిపోలేదా?
– ఒక క్యాబ్ డ్రైవర్, మియాపూర్

ఆగిపోలేదు. పైన ఫ్లైఓవర్, కింద రోడ్డు కలిపి రోజుకి లక్షా అరవై ఎనిమిది వేల బండ్లు తిరిగేవి. కూల్చే ముందు అందరూ మీలాగే భయపడ్డారు. కానీ వాగు పనులు నడుస్తుండగానే, 2004 జూలై 1న, సియోల్ తన బస్సు వ్యవస్థను మొత్తం మార్చేసింది. రూట్లు మళ్లీ గీశారు, దూరం బస్సులకు, కాలనీ బస్సులకు వేర్వేరు రంగులు వేశారు, రోడ్డు మధ్యలో బస్సులకే లేన్లు ఇచ్చారు, బస్సు దిగి మెట్రో ఎక్కితే మళ్లీ మొదటి నుంచి టికెట్ కొట్టకుండా ఒకే కార్డు పెట్టారు. మెట్రో అప్పటికే నగరమంతా ఉంది. కారు వదిలిన మనిషికి ఎక్కడానికి ఏదో ఒకటి సిద్ధంగా ఉంది. హైదరాబాద్‌లో మొదటి రోజు నుంచే టెన్షన్ పెట్టే విషయం ఇదే. మెట్రో స్టేషన్ దిగాక ఇంటికి చేరే బస్సు లేని ఊళ్లో రోడ్డు తగ్గిస్తే ఆ భారమంతా మీలాంటివాళ్ల మీద పడుతుంది.

ప్రశ్న: మూసీ బాగుపడితే పక్కన రేట్లు పెరుగుతాయంటున్నారు. ఉప్పల్ వైపు నాలా పక్కన ప్లాటు చూశాం, కొనొచ్చా?
– ఒక ఉద్యోగి, తార్నాక

ముందు నాలా వెడల్పు కొలవండి. తెలంగాణలో 2012 నాటి జీవో 168 ప్రకారం పది మీటర్ల కంటే వెడల్పున్న నాలా అంచు నుంచి 9 మీటర్లు, అంతకంటే చిన్న నాలా అయితే 2 మీటర్లు వదలాలి. చెరువులకూ నదికీ ఇంకా ఎక్కువ. ప్లాటులో అది పోను ఏం మిగులుతుందో చూసుకోండి. నాలా అంటే ఇవాళ పారుతున్న సన్నటి పాయ కాదు, రెవెన్యూ మ్యాపులో ఉన్న వెడల్పు.

రేట్ల సంగతికొస్తే, చంగ్గేచన్ పక్కన 50 మీటర్ల లోపు స్థలాల ధరలు 30 నుంచి 50 శాతం పెరిగాయి. సొంతదారులు సంతోషించారు, అద్దెకు వర్క్‌షాపులు నడిపే చిన్నవాళ్లు ఒక్కొక్కరే ఖాళీ చేశారు. ఇలాంటి ప్లానులో అద్దెదారుల గురించి ఒక పేజీ కూడా లేకపోతే అది సగం ప్లానే అని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: పురానాపూల్ లాంటి పాత కట్టడాలకు ఈ సుందరీకరణలో ఏమవుతుందో అని బెంగగా ఉంది. అక్కడ పాత వంతెనలు ఉంచారా?
– ఒక రిటైర్డ్ టీచర్, జియాగూడ

బెంగపడాల్సిందే మాస్టారూ. అక్కడ ఈ విషయం మీదే పెద్ద గొడవ అయింది. పౌరుల కమిటీ ఒకటి వేశారు గానీ, పాత కట్టడాల మీద వాళ్ల మాట వినకుండా తొందరపడుతున్నారని చాలామంది సభ్యులు తప్పుకున్నారు.

క్వాంగ్తోంగ్ అనే రాతి వంతెన 1410 నాటిది. అప్పటి రాజు తేజోంగ్‌కి తన సవతి తల్లి అంటే పడదు. ఆమె సమాధికి చుట్టూ పేర్చిన చెక్కుడు రాళ్లను పీకించి ఆ వంతెనకు వాడించాడు. కొన్నిటిని తలకిందులుగా పెట్టారు. మబ్బులు, దేవతా రూపాలు చెక్కిన ఆ రాళ్లు వందల ఏళ్లు కాళ్ల కింద ఉండి, తర్వాత స్లాబ్ కింద చీకట్లో పడున్నాయి. 2005లో వాటిని బయటికి తీసి శుభ్రం చేసి నిలబెట్టారు. ఇప్పుడు వాగులో నడుస్తూ ఆ బొమ్మలు తలకిందులుగానే చూడొచ్చు. అయితే అసలు చోట్లో కాదు, ట్రాఫిక్‌కి అడ్డమని వాగులో నూటయాభై మీటర్లు ఎగువకు జరిపారు. నీటిమట్టం కొలిచే రాతి స్తంభం ఉండే సుప్యో వంతెననైతే 1959లో, స్లాబ్ వేసేటప్పుడే, ఒక పార్కుకి తరలించారు. అది తిరిగి రానేలేదు. కొత్త వాగు వెడల్పులో అది పట్టలేదు.

పురానాపూల్ 1578 నుంచి ఉంది, 1908 వరదను కూడా తట్టుకుంది. మూసీ కొత్త వెడల్పు ఆ వంతెన కమానులను చూసి గీయాలి గానీ, గీసేశాక వంతెనను ఏం చేద్దామని కూర్చోకూడదు. మీ ఏరియాలో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే ఈ ఒక్క ముక్క మినిట్స్‌లో రాయించండి.

ప్రశ్న: మా కాలనీ వెనకే నాలా. దోమలు, కంపు. సంఘం తరఫున ఏదైనా చేద్దామనుకుంటున్నాం. చెట్లు నాటాలా, ఫెన్సింగ్ వేయాలా, ఎక్కడ మొదలుపెట్టాలి?
– కాలనీ సంఘం కార్యదర్శి, మల్కాజిగిరి

చెట్లూ ఫెన్సింగూ తర్వాత. ఏప్రిల్‌లో, వాన పడి కనీసం రెండు వారాలైన రోజు చూసుకుని నలుగురు కలిసి నాలా వెంబడి నడవండి. ఆ ఎండల్లో నాలాలోకి పారుతున్న ప్రతి పైపూ దాదాపు మురుగు పైపే, ఎందుకంటే అప్పుడు వాన నీళ్లు ఉండవు. ఒక్కో పైపు దగ్గర ఆగి ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీయండి, సైజు, రంగు, వాసన రాసుకోండి. సబ్బు నురగ వస్తోందా, నూనె తేలుతోందా, రంగు నీళ్లు వస్తున్నాయా చూడండి. నురగ అయితే ఇళ్లవి, నూనె అయితే హోటలో మెకానిక్ షాపో. మీ సొంత కాలనీ పైపు కూడా అందులో ఉండే అవకాశం ఎక్కువ, దాన్ని కూడా జాబితాలో రాయండి. లేకపోతే మీ అర్జీకి విలువ ఉండదు.

మురుగు లైను పని జలమండలిది, వాన నీటి నాలా పని మున్సిపల్ కార్పొరేషన్‌ది. ఒకరి దగ్గరికి వెళ్తే ఇంకొకరి పేరు చెబుతారు. అందుకే ఒకే అర్జీని ఇద్దరికీ ఇచ్చి, ప్రతి కాపీ మీద రెండో ఆఫీసు పేరు కూడా రాయండి. ‘నాలా బాగుచేయండి’ అని రాస్తే ఫైలు కదలదు. ‘ఫలానా గల్లీ దగ్గర పన్నెండంగుళాల పైపు నాలాలో పడుతోంది, అక్కడికి నలభై మీటర్ల దూరంలోనే మ్యాన్‌హోల్ ఉంది, అందులో కలపండి’ అని రాస్తే ఇంజనీరు ఎస్టిమేట్ వేయగలడు. నాలుగు పైపులు కలిపించినా చాలు, వచ్చే ఎండాకాలానికి కంపులో తేడా మీకే తెలుస్తుంది. చెట్ల సంగతి అప్పుడు రాయండి. ఏ మొక్కలు గట్టును పట్టుకుంటాయో, ఏవి గోడను పగలగొడతాయో విడిగా చెబుతాను.